ఏడు డబ్బాల దబ్బచెట్టు

మొన్న శనివారం మొక్కలు అమ్మే కొట్లో ఒక పెద్ద మట్టికుండీ ముందు వంగి, వేలి కణుపులతో దాని పొట్టమీద టకటకా కొట్టి, చెవి ఆనించి వింటున్నాను. మా అమ్మాయి నాలుగడుగులు పక్కకి జరిగి, నేనెవరో తనకి తెలియనట్టు గడ్డి విత్తనాల సంచీ మీద రాసింది చదవడం మొదలుపెట్టింది. "డాడ్, అందరూ చూస్తున్నారు" అంది పంటి బిగువున. చూడనీ అనుకున్నాను. నాకు ఈ జబ్బు అంటించిన మనిషి పోయిందని ఆ వారమే కబురొచ్చింది. ఫ్లోరిడాలో, ఎనభై దాటాక, నిద్రలో పోయింది. చావుకి వంక పెట్టడానికేం లేదు. కానీ ఆ ఫ్లోరిడాలో అన్నేళ్ళు ఎలా బతికిందా అన్నదే నా ఆశ్చర్యం. అక్కడ నిమ్మా నారింజా నేలలో గుచ్చితే చాలు, కాసేస్తాయి. కుండీతో పనిలేని ఊళ్ళో ఆవిడకి పొద్దెలా గడిచిందో నాకు అంతుపట్టలేదు.

మేమంతా పిన్నిగారు అనేవాళ్ళం. మా పిల్లలకి ఆంటీ. అసలు పేరు రాయను. రాస్తే ఎడిసన్‌లో మిగిలిన పాతకాపులు "మా బకెట్ ఏమైంది?" అని ఇప్పుడు నన్ను పట్టుకుంటారు.

డెబ్బైల చివర్లో ఎడిసన్‌లో ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం. ఓక్ ట్రీ రోడ్డు మీద మనవాళ్ళ కొట్లు అప్పటికింకా రాలేదు. బెండకాయ తినాలనిపిస్తే న్యూయార్క్ వెళ్ళాలి, లేదా పిన్నిగారి వెనక గుమ్మం తొక్కాలి. కింద వాటా వాళ్ళది. వెనకాల పదడుగుల సిమెంటు పలక, దాని అవతల అందరిదీ అయిన పచ్చిక. పచ్చికలో గుప్పెడు మట్టి తవ్వినా ఊరుకోమని లీజులో రాసుంది. పిన్నిగారు ఆ కాగితం బాబాయిగారి చేత రెండుసార్లు చదివించుకుని, "తవ్వొద్దన్నాడు గానీ మట్టి పొయ్యొద్దనలేదుగా" అని తేల్చింది. ఆ మర్నాటి నుంచీ ఊళ్ళో డబ్బాలకి రోజులు దగ్గరపడ్డాయి.

మనిషి పొట్టి. నూలుచీర మీద బాబాయిగారి పాత స్వెటరు, కాళ్ళకి టెన్నిస్ బూట్లు. చేతిసంచీలో ఒక పొడుగు మేకు, ఒక పట్టకారు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె ఎప్పుడూ ఉండేవి. డబ్బా చేతికొచ్చిందే తడవు, అక్కడే మెట్లమీద కూర్చుని, మేకు ఎర్రగా కాల్చి, కన్నాలు పెట్టేసేది. కన్నం పడ్డాక ఇక ఆ డబ్బాని ఎవరూ వెనక్కి అడగరు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. కన్నాలు అడుగున కాదు, అడుగుకి బొటనవేలంత పైన, పక్కల్లో పెట్టాలి. అడుగున పెడితే సిమెంటుకి ఆనుకుని మూసుకుపోతాయట.

ఆవిడ ఎవరింటికైనా వస్తే కాఫీ అడగదు, పిల్లల చదువులు అడగదు. కళ్ళు వంటింటి అరల మీదా ఫ్రిజ్ మీదా తిరుగుతూ ఉండేవి. తరవాత ఒకటే మాట: "ఇది ఖాళీ అవుతుందా?"

పుట్టినరోజు పార్టీలో పిల్లలు ఇంకా ఐస్‌క్రీమ్ కోసం వరసలో ఉండగా ఆ బకెట్ పక్కన వచ్చి నిలబడేది. ఇంటావిడ మొహమాటపడి మిగిలింది గిన్నెలోకి తీసి బకెట్ చేతికిచ్చేది. మా ఇంట్లో అయితే మరీ అన్యాయం. మా అమ్మాయి పుట్టిన కొత్తల్లో మురికి డైపర్లు వేసే మూత డబ్బా ఒకటి కొన్నాం. లోతైంది, గట్టిది, తెల్లది. దానిమీద ఆవిడ కన్ను పడింది. ఇక ప్రతి ఆదివారం ఫోన్. "పిల్ల కూర్చుంటోందా? నడుస్తోందా? బాత్రూమ్‌కి వెళ్తానని చెప్తోందా?" మా ఆవిడ మురిసిపోయేది, సొంత పిన్నికి కూడా ఇంత ప్రేమ లేదని. మా అమ్మాయి డైపర్లు మానేసిన రోజు సాయంత్రమే గుమ్మంలో ప్రత్యక్షమైంది. పిల్లని ఎత్తుకుని ముద్దు పెట్టుకుని, రెండో చేత్తో డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది. మా ఆవిడకి అప్పుడర్థమైంది.

తీసుకున్న డబ్బా ఎవరిదో మాత్రం ఎన్నడూ మర్చిపోయేది కాదు. అదే ఆవిడ రసీదు. నలుగురిలో గొంతెత్తి, "డాక్టరుగారూ, మీ చెత్తడబ్బాలో బెండకాయలు ముదిరిపోతున్నాయండీ, వచ్చి కోసుకోండి" అనేది. డాక్టరుగారు పక్కనున్న అమెరికన్ స్నేహితుడికి ఆ మాట అనువదించలేక తలవంచుకునేవారు. కానీ వెళ్ళి కోసుకునేవారు.

కుండీల విషయంలో ఆవిడకో శాస్త్రం ఉంది. తోటకూరకి లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి. టొమాటోకి మోచెయ్యి మునిగేంత లోతుండాలి. నల్లడబ్బా ఎండలో కాగి వేరుని ఉడకేస్తుంది, కాబట్టి దానికి తెల్లగుడ్డ చుట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, మొక్కకి వయసుకి మించిన కుండీ ఇవ్వకూడదు. "చిన్న మొక్కకి పెద్ద కుండీ ఇచ్చావనుకో, తడి ఆరదు, వేరు కుళ్ళిపోద్ది. పెద్ద మొక్కని చిన్న కుండీలో ఉంచావనుకో, వేరు తన్ను తానే చుట్టుకుని చస్తుంది. మొదటిది సుఖపడి చావడం, రెండోది కష్టపడి చావడం. అంతే తేడా" అనేది. ఈ శాస్త్రాన్ని మనుషులకి వర్తింపజేయడమే చిక్కు. కొత్తగా పెళ్ళయిన ఒక జంట నాలుగు పడకగదుల ఇల్లు కొని గృహప్రవేశానికి పిలిచారు. పిన్నిగారు ఇల్లంతా తిరిగి, గోడలు కూడా రెండుచోట్ల కొట్టి చూసి, "ఇద్దరు మనుషులకి ఇంత కుండీ ఎందుకే అమ్మాయ్, తడి ఆరదు" అంది. ఆ అమ్మాయి రెండు నెలలు మాట్లాడలేదు. తరవాత తనే ఒక బకెట్ పట్టుకుని వచ్చింది, వంకాయల మీద ఆశ చావక.

ఆవిణ్ణి శనివారాలు కొట్లకి తీసుకెళ్ళే పని నాది. బాబాయిగారికి డ్రైవింగ్ రాదు. ఒకసారి పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో చెత్తడబ్బాల వరస దగ్గర ఆగి, ఒక్కొక్కదాన్నే టకటకా కొట్టి, తల వంచి వినడం మొదలుపెట్టింది. ఊళ్ళో కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు చేసేదే. కాకపోతే ఇవి ప్లాస్టిక్. "ఇది పలకదు, గొణుగుతుంది" అని ఒకదాన్ని తోసేసింది. తరవాత ఒక డబ్బాలో చెయ్యి భుజందాకా పెట్టి, కళ్ళు మూసుకుని, లోపల వేళ్ళు ఆడించింది. వేరుకి చోటు చాలుతుందో లేదో అలా తెలుస్తుందట. కొట్లో పనిచేసే కుర్రది పరిగెత్తుకొచ్చి, చెయ్యి ఇరుక్కుందేమోనని కంగారుగా, "కెన్ ఐ హెల్ప్ యూ, మేడమ్?" అంది.

"ఐ యామ్ సీయింగ్ హౌస్," అంది పిన్నిగారు కళ్ళు తెరవకుండా. "ఫర్ బెండకాయ."

నేను మందుల వరస వైపు నడిచాను.

నేను పనిచేసేది ప్లాస్టిక్ తొట్లూ పీపాలూ పోతపోసే ఫ్యాక్టరీలో అని ఆవిడకి తెలిసిన రోజు నా దశ తిరిగింది. అప్పటిదాకా నేను కారున్న కుర్రాణ్ణి మాత్రమే. ఆ రోజు పీట వేసి, సున్నుండలు పెట్టి, "అబ్బాయ్, మీ ఫ్యాక్టరీలో వంకరపోయినవీ సొట్టపోయినవీ ఏం చేస్తారు?" అని అడిగింది. పారేస్తామన్నాను. ఆవిడ గుండెమీద చెయ్యి వేసుకుంది. అప్పణ్ణుంచి మా ఫోర్‌మన్‌ని అడిగి వంకర సరుకు మోసుకొచ్చేవాణ్ణి. వాటిని కూడా కొట్టి విని, సగం తిప్పిపంపేది. మేం పనికిరాదని పక్కన పెట్టిన సరుకుని కూడా కాదన్న మనిషి నా ఉద్యోగ జీవితంలో ఆవిడొక్కతే.

ఇన్ని మొక్కల్లోనూ మహారాణి ఒకటుంది. దబ్బచెట్టు.

ఆ గింజ ఎలా వచ్చిందని అడిగినప్పుడల్లా ఒక్కో కథ చెప్పేది. ఒకసారి అక్కగారి ఉత్తరంలో వచ్చిందనేది, ఇంకోసారి తన జడలో దాక్కుని వచ్చిందనేది. ఏమైతేనేం, మొదట పెరుగు కప్పులో మొలిచింది. అక్కణ్ణుంచి కాఫీ డబ్బాలోకి, ఐస్‌క్రీమ్ బకెట్లోకి, శాండ్‌విచ్‌ల కొట్టువాడి దోసకాయ ఊరగాయ బకెట్లోకి, మా అమ్మాయి డైపర్ల డబ్బాలోకి, డాక్టరుగారి రెండో చెత్తడబ్బాలోకి మారింది. డబ్బాలో దబ్బ అని మావాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. చేస్తూనే ప్రతివాడూ "మా బకెట్లోనే కదండీ అంతైంది" అని వాటా చెప్పుకునేవాడు. పిన్నిగారు దానికి తగ్గట్టు అందరికీ మాటిచ్చేసింది. మొదటి కాపు కాసిన రోజు డబ్బా ఇచ్చిన ప్రతి ఇంటికీ దబ్బకాయ పులిహోర. "నిమ్మకాయ పులిహోర తిన్నవాడికి దబ్బకాయ పులిహోర పెట్టి చూడండి. ఇన్నాళ్ళూ నన్నెవడో మోసం చేశాడనుకుంటాడు" అని ఊరించేది. ఏళ్ళు గడిచినా చెట్టు కాయలేదు. "కాసిందాండీ?" అని అడగడం మావాళ్ళకి ఊతపదమైంది. ఆవిడ నవ్వేది గానీ, ఆ ప్రశ్న ఆవిడకి గుచ్చుకునేదని నా అనుమానం. ఆ చెట్టు కాసి తీరాలి. ఆవిడ పట్టుదలంతా దానిమీదే.

బాబాయిగారి సంగతి చెప్పాలి. మందుల కంపెనీ లేబొరేటరీలో కెమిస్టు. మాట తక్కువ. ఇంట్లో గ్లాసెడు మంచినీళ్ళు కూడా "ఏమోయ్" అని పిలిచి తెప్పించుకునే మనిషి. రోజూ పొద్దున్నే సగం గ్రేప్‌ఫ్రూట్, అంటే పంపరపనసలాంటి పుల్లటి పండు, కోసుకుని, పంచదార చల్లుకుని, రంపంలా పళ్ళున్న చెంచాతో గీరుకుని తినేవారు. అదొక్కటే ఆయన అమెరికాలో నేర్చుకున్న విద్య అని పిన్నిగారు ఎత్తిపొడిచేది. అలాంటి ఆయన దబ్బచెట్టుకి మాత్రం రోజూ తెల్లారుతూనే తన చేత్తో నీళ్ళు పోసేవారు. వానొచ్చినా పోసేవారు. అందుకని పిన్నిగారు దబ్బ పెట్టే డబ్బాకి కన్నాలు రెట్టింపు పెట్టేది. "ఏ చెట్టుకి ఏ కుండీ అని కాదబ్బాయ్, ఎవరు నీళ్ళు పోస్తారో కూడా చూసుకోవాలి" అనేది. చిత్రమేమిటంటే, డబ్బా మార్చినప్పుడల్లా అడ్డుపడేదీ ఆయనే. "ఇంకా పెద్దదెందుకు? చిన్నదాన్లో ఉంటే చెట్టు పొందిగ్గా ఉంటుంది. కాయకపోతే ఏం, పచ్చగా ఉంది చాలదూ?" అనేవారు. ఆవిడ వినిపించుకునేది కాదు.

ఒక ఏడు వసంతంలో నేను ఫ్యాక్టరీలో ఉండగా ఫోన్ చేసింది.

"అబ్బాయ్, చెత్తడబ్బాలో కూడా వేరు చుట్టేసుకుంది. ఈసారి పెద్ద తొట్టి చూడు. మూరన్నర వెడల్పు. అంతకి ఒక్క వేలు పెరక్కూడదు."

"ఎన్ని ఇంచెస్ పిన్నిగారూ?"

"ఇంచీలు మీ ఫ్యాక్టరీలో చెప్పుకో. భగవంతుడు చెయ్యెందుకిచ్చాడు నీకు?"

గోదాం వెనక ఒక టబ్బు పడుంది. బూడిదరంగు రావలసింది రంగు కలపడంలో తేడా వచ్చి నిగనిగలాడే వంకాయరంగులో వచ్చింది. జేబులో టేపు పెట్టుకుని కూడా నేను దానిమీద మోచెయ్యి ఆనించి మూర, ఆపైన అరమూర కొలిచాను. ఏం చేస్తున్నావని ఫోర్‌మన్ అడిగాడు. ఇండియన్ స్టాండర్డ్ అన్నాను. సరిగ్గా మూరన్నర! చేతికి కొలిచినట్టుంది. ఎంత మురిసిపోయానంటే, మర్నాడే అడుక్కి చక్రాల చెక్క బిగించి, ట్రక్కులో వేయించి, వెనక పచ్చికలోంచి సిమెంటు పలక మీదికి దింపించాను. పిన్నిగారు కొట్టి విని, "దీని గొంతు బాగుంది" అంది. అంతకు మించిన బిరుదు నాకు ఇంకెవరూ ఇవ్వలేదు. బాబాయిగారు మాత్రం ఆ టబ్బుని చూసి కుర్చీలో కూలబడ్డారు.

కొత్త టబ్బులో చెట్టు రెచ్చిపోయింది. జూన్‌లో పూత వచ్చింది. వేసంగి దాటేసరికి నాలుగు పిందెలు నిలిచి, పచ్చగా టెన్నిస్ బంతులంత అయ్యాయి. ఊరంతా తీర్థంలా వచ్చి చూసి పోయారు. "దబ్బకాయ గరుగ్గా ఉండాలి కదండీ, ఇది నున్నగా ఉందేమిటి?" అని ఒకావిడ అంది. "అమెరికా వచ్చాక ఎవరి చర్మమైనా నున్నబడుతుందమ్మా" అని పిన్నిగారు నోరు మూయించింది.

అక్టోబర్‌లో ఒక శనివారం మధ్యాహ్నం, ఆ రాత్రికి మంచు పట్టి గడ్డకడుతుందని రేడియోలో చెప్పాడు. చెట్టు లోపలికి రావాలి. నన్ను పిలిచారు. నేను చక్రాల మీద దర్జాగా తోసుకొచ్చాను. టబ్బు వెనక గుమ్మానికి తగిలి ఆగింది. పక్కకి తిప్పాను. గుండ్రటిదాన్ని ఎటు తిప్పితే ఏం?

పిన్నిగారు గుమ్మాన్నీ టబ్బునీ మార్చి మార్చి చూసింది. "మూరన్నర తెమ్మన్నాను కదా నాయనా?"

"మూరన్నరేనండీ. నేనే కొలిచాను."

"ఎవరి మూర?"

నేను ఆరడుగుల పైన. ఆవిడ అయిదడుగులకి లోపల. ఆవిడ తన చేత్తో గుమ్మం కొలుచుకుని చెప్పింది. నేను నా చేత్తో టబ్బు కొలిచాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, రోజూ మిల్లీమీటర్లతో బతికేవాణ్ణి. నేల రెండుగా చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది.

"నా గుమ్మానికి నీ మూరెందుకు నాయనా?" అంది ఆవిడ. తిట్టలేదు. నాలుగు కాయల్నీ ఒక్కొక్కటిగా చేత్తో తడిమి చూసుకుంది. ఆవిడ మొహంలో నవ్వు లేకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

టబ్బు అంచు కోసేస్తానన్నాను. పది మందిని అడిగి తెచ్చుకునే మనిషిని, ఇచ్చిన గిన్నె పగలగొట్టనంది. చెట్టు పెకిలించి వేరే డబ్బాలో పెడదామన్నాను. కాయ మీదున్న చెట్టుని కదిపితే కాయలు రాలుస్తుందంది. బాబాయిగారు చిన్నగా, "పోనీ వదిలెయ్యవే. ఇన్నేళ్ళు చూసుకున్నాం, చాల్లే" అన్నారు. ఆవిడ ఆయన వైపు చూసిన చూపుకి ఆయన కళ్ళు దించుకున్నారు. నేను అపార్ట్‌మెంట్ల సూపర్ని పిలుచుకురావడానికి పరిగెత్తాను. సూపర్ అంటే తాళాల దగ్గర్నుంచి పైపుల దాకా అన్నీ చూసే మనిషి. నిమ్మా నారింజా పండే సిసిలీ దీవి నుంచి వచ్చిన ముసలాయన. వచ్చేసరికి పావుగంట పట్టింది. తిరిగొచ్చి చూస్తే బాబాయిగారి కోటు చెట్టుకి చుట్టి ఉంది. ఆయన ఒంటి చొక్కాతో, చేతులు చంకల్లో పెట్టుకుని, దాని పక్కన నిలబడి ఉన్నారు.

సూపర్ ముందు నామీద ఎగిరాడు. లీజు గుర్తుచేశాడు. తరవాత కోటు మడత తొలగించి కాయ చూసి, ఆగిపోయాడు. ఆయనకీ ఒక అంజూరపు చెట్టుంది, ఏటా శీతాకాలంలో దాన్ని పీపాతో సహా సెల్లార్‌లోకి దింపి కంబళి కప్పుతాడు. "వాట్ ఈజ్ ఇట్?" అన్నాడు.

"లెమన్," అంది పిన్నిగారు. "బిగ్ లెమన్. ఇండియా."

ఆయన ఒక ఆకు తుంచి, నలిపి వాసన చూశాడు. "లేడీ, దిస్ ఈజ్ నాట్..." అని మొదలుపెట్టాడు.

"బిగ్ లెమన్," అంది ఆవిడ మళ్ళీ, ఆయన కళ్ళలోకి చూస్తూ.

ముసలాయన ఆవిణ్ణి చూశాడు, బాబాయిగారిని చూశాడు, మీసం కింద నవ్వుకుని స్క్రూడ్రైవర్ తీశాడు. తలుపుని బందులతో సహా ఊడదీస్తే తలుపు మందమంత మేర గుమ్మం వెడల్పు పెరిగింది. ఇంకా పావంగుళం తక్కువొచ్చింది. పిన్నిగారు కొబ్బరినూనె సీసా తెచ్చి ద్వారబంధానికీ టబ్బు అంచుకీ పట్టించింది. నేనూ సూపరూ బయటినుంచి తోశాం, బాబాయిగారు లోపల్నించి లాగారు. కీచుమని ఒక మూలుగు మూలిగి, చెట్టు ఇంట్లోకి గెంతింది. సోఫా మా ఇంటికొచ్చింది, వేరే చోటు లేక.

ఫిబ్రవరికి కాయలు పసుపుపచ్చగా పండాయి. ఆదివారం మధ్యాహ్నం డబ్బాలిచ్చిన ఇళ్ళవాళ్ళందర్నీ పిలిచింది. హాలు నిండిపోయింది, చెట్టు చుట్టూ నేలమీద కూర్చున్నాం. పెద్ద బేసిన్‌లో పసుపన్నం, పైన తాలింపు వేసి సిద్ధంగా ఉంది. పులుపు కలపడమే తరువాయి. బాబాయిగారు ఒక మూల కుర్చీలో, ఆపరేషన్‌కి ఎదురుచూసే మనిషిలా ఉన్నారు.

పిన్నిగారు ఒక కాయ కోసి తెచ్చి, అందరి ముందూ కత్తిపెట్టి రెండు చెక్కలు చేసింది. లోపల లేత గులాబీరంగు. ఆ వాసన మాలో ప్రతివాడికీ తెలుసు. ఆఫీసు కెఫెటేరియాల్లో పొద్దున్నే వచ్చే వాసనే అది. ఆవిడ ఒక చెక్క గిన్నెలో పెట్టి, పంచదార చల్లి, పళ్ళున్న చెంచా గుచ్చి, బాబాయిగారి చేతిలో పెట్టింది.

"తీసుకోండి. మీ చేతిచలవ."

ఆయన మొహం ఎర్రబడింది, తెల్లబడింది. "నువ్వు రెండో ఏడు ఇండియా వెళ్ళినప్పుడు..." అని అందరికీ చెప్తున్నట్టు మొదలుపెట్టారు. "నీళ్ళు పొయ్యడం మర్చిపోయాను. కాఫీ డబ్బాలో ఎండిపోయింది. నేను తిన్న పండులో గింజ ఒకటి గుచ్చాను. చలికి ఆకు రాల్చి మళ్ళీ చిగిర్చిందని నీకు చెప్పాను." ఆగి, "నీకు ఎప్పణ్ణుంచి తెలుసు?" అన్నారు.

"రెండో ఆకు నుంచి," అంది ఆవిడ. "దబ్బాకు నాకు తెలీదా? దీనికి ఆకు కింద ఇంకో రెక్క ఉంది."

హాలంతా పగలబడి నవ్వింది. బాబాయిగారు కూడా చివరికి నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ. పిన్నిగారు ఫ్రిజ్‌లోంచి ముందురోజే పిండిపెట్టుకున్న నిమ్మరసం సీసా తీసి బేసిన్‌లో వంచేసింది. మేమందరం నిమ్మకాయ పులిహోరే తిన్నాం. ఎవరూ మోసపోయామనుకోలేదు.

అందరూ వెళ్ళాక గిన్నెలు అందిస్తూ వంటింట్లో అడిగాను. "తెలిసి తెలిసి ఇన్నేళ్ళు ఎందుకు మోశారు పిన్నిగారూ? ఏడు డబ్బాలు మార్చారు! నేను ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను."

ఆవిడ కుళాయి కట్టేసింది. "మీ బాబాయిగారు పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకోసం రోజూ చేసిన పని అదొక్కటే నాయనా, ఆ నీళ్ళు పొయ్యడం. భయానికి పోసేవారో, సిగ్గుకి పోసేవారో, పోసేవారుగా. నేను లేవకముందే లేచి. నిజం తెలుసని అప్పుడే చెప్పేసుంటే ఇద్దరం ఒక నవ్వు నవ్వుకునేవాళ్ళం, ఆయన మానేసేవారు."

"మరి ఇవాళ చెప్పేశారుగా?"

"కాయ కాసింది. ఇంక దాచడం నావల్ల అవుతుందా?" అంది. తరవాత గొంతు తగ్గించి, "రేపు లేస్తారో లేదో" అంది. ఆ మాటలో కొంటెతనం బొత్తిగా లేదు. ఆవిణ్ణి అలా చూడలేక నేను సెలవు తీసుకుని వచ్చేశాను.

మర్నాడు సోమవారం. పొద్దున్నే ఫ్యాక్టరీకి బయల్దేరి, కారు దగ్గరికి వెళ్ళాల్సినవాణ్ణి చుట్టుతిరిగి వాళ్ళ వెనక కిటికీ పక్కనుంచి నడిచాను. పచ్చిక మీద మంచుంది. తెర కొంచెం తొలిగి ఉంది. హాల్లో దీపం వెలుగుతోంది. బాబాయిగారు లుంగీ మీద కోటు వేసుకుని, చెంబుతో, ఒక్క చుక్క బయటికి పోకుండా, ఆ వంకాయరంగు టబ్బు చుట్టూ తిరుగుతూ నీళ్ళు పోస్తున్నారు. ఆయన వెనకాల, ఆయనకి కనపడకుండా, పడగ్గది గుమ్మంలో పిన్నిగారు నిలబడి ఉంది. కిటికీలోంచి నన్ను చూసింది. చప్పుడు చెయ్యొద్దన్నట్టు పెదవుల మీద వేలు పెట్టింది.